ఆగిన గుండెను ఆటో ఎక్కించకండి

"ముందు ఆస్పత్రికి తీసుకుపోండి, మిగతావి తర్వాత." కళ్ల ముందు ఎవరైనా కుప్పకూలితే మన దగ్గర మొదట వినిపించే మాట ఇది. చదువుకున్నవాళ్లూ ఇదే అంటారు, చదువులేనివాళ్లూ ఇదే అంటారు. సకాలంలో ఆస్పత్రికి చేర్చి ఉంటే బతికేవాడని మర్నాడు పత్రికలు రాస్తాయి. ఇంతమంది ఏకగ్రీవంగా చెప్పే మాట తప్పెలా అవుతుంది అంటారా? అవుతుంది. ఒంట్లోంచి రక్తం పోతున్న మనిషికి ఈ సలహా చాలావరకు సరైనదే. గుండె ఆగిన మనిషికి మాత్రం ఇది మరణశాసనం. రెండు వేర్వేరు ఆపదలకు ఒకే మంత్రం చదువుతున్నాం, ప్రాణాలు పోగొట్టుకుంటున్నాం, ఆపైన విధి అంటున్నాం.

జరిగేదేమిటో ఒకసారి దగ్గర నుంచి చూడండి. పెళ్లి భోజనాల బంతిలో యాభై ఏళ్ల మనిషి విస్తరి మీదికి ఒరిగిపోతాడు. ఒకరు మొహాన నీళ్లు చల్లుతారు. ఒకరు అరికాళ్లు రుద్దుతారు. ఫిట్సేమోనని ఇంకొకరు గుప్పిట్లో తాళంచెవుల గుత్తి పెడతారు. ఈలోగా ఎవరిదో కారు వస్తుంది. నలుగురు కలిసి కాళ్లూ చేతులూ పట్టి వెనక సీట్లో కుక్కుతారు. మోకాళ్లు ముడుచుకుని, గడ్డం ఛాతీకి ఆనుకుని, ఎవరి ఒళ్లోనో తల పెట్టుకుని ఆ మనిషి ప్రయాణం మొదలవుతుంది. హారన్ మోగుతూనే ఉంటుంది. ఆస్పత్రి గేటు దగ్గరికి చేరేసరికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో అతని మెదడుకు చేరిన రక్తమెంత? ఒక్క చుక్క లేదు. కారులో ఉన్న నలుగురికీ ఎనిమిది చేతులున్నాయి. వాటిలో ఒక్కటీ అతని ఛాతీ మీద పడలేదు.

రక్తం అందని మెదడు నాలుగైదు నిమిషాలకే దెబ్బతినడం మొదలుపెడుతుంది. గుండె ఆగాక ఎవరూ ఛాతీ నొక్కకపోతే, నిమిషానికి ఏడు నుంచి పది శాతం చొప్పున బతికే అవకాశం జారిపోతుంది. లెక్క మీరే వేయండి. పది, పన్నెండు నిమిషాలకు ఏం మిగులుతుంది? ఇక్కడ "గోల్డెన్ అవర్" ఎక్కడుంది? ఆ మాటకు ప్రాచుర్యం తెచ్చింది అమెరికాలో గాయాల చికిత్సకు దారి వేసిన సర్జన్ ఆర్. ఆడమ్స్ కౌలీ. మన మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ కూడా గోల్డెన్ అవర్ అంటే గాయం తగిలిన తర్వాతి గంట అనే నిర్వచించింది. గాయం తగిలాక అని స్పష్టంగా రాసి ఉంది. దాన్ని తెచ్చి గుండె ఆగిన మనిషికి అంటగట్టి, ఇంకా గంట టైముంది అనుకునేలా జనాన్ని నమ్మించినవాళ్లు ఎంత నష్టం చేశారో ఆలోచించండి.

దీనికి అవతలివాళ్ల జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆస్పత్రిలో పరికరాలున్నాయి, మందులున్నాయి, డాక్టర్లున్నారు, రోడ్డు మీద మన దగ్గరేముంది అంటారు. సరే, మందుల సంగతే చూద్దాం. ఆగిన గుండెకు దశాబ్దాలుగా ఇస్తున్న ప్రధానమైన మందు అడ్రినలిన్. బ్రిటన్‌లో ఎనిమిది వేల మందిపై జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో, అది ఇచ్చినవాళ్లలో నెల రోజుల తర్వాత బతికి ఉన్నవాళ్లు 3.2 శాతం. ఇవ్వనివాళ్లలో 2.4 శాతం. మెదడు బాగా పనిచేసే స్థితిలో బయటపడినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కెనడాలోని అంటారియోలో అప్పటికే ఛాతీ నొక్కడం, త్వరగా షాక్ ఇవ్వడం బాగా సాగుతున్న చోట్ల గొట్టాలు వేసే, ఇంజెక్షన్లు ఇచ్చే నిపుణులను అదనంగా దింపి చూశారు. బతికేవాళ్ల సంఖ్య పెరగలేదని 2004లో తేలింది. మరి బతికించేది ఏది? అమెరికాలో జూదశాలల కాపలాదారులకు, గుండెకు షాక్ ఇచ్చే డిఫిబ్రిలేటర్ వాడటం నేర్పారు. షాక్‌తో సరిదిద్దగలిగే లయ ఉండి, కూలిన మూడు నిమిషాల లోపు షాక్ అందినవాళ్లలో 74 శాతం మంది బతికి ఇంటికెళ్లారు. మూడు నిమిషాలు దాటాక షాక్ అందినవాళ్లలో 49 శాతం. 2000లో అచ్చయిన లెక్క ఇది. అక్కడ డాక్టర్లు లేరు, ఐసీయూ లేదు. యూనిఫాం వేసుకున్న సెక్యూరిటీ గార్డులున్నారు, వాళ్లకు నేర్పిన పని ఉంది.

ఇంకో లెక్క కూడా వినండి, ఎందుకంటే ఇది సూటిగా మన ఆటో ప్రయాణానికే తగులుతుంది. ఉత్తర అమెరికాలో ఆస్పత్రి బయట గుండె ఆగిన నలభై మూడు వేల మందికి పైగా రోగుల రికార్డులు పరిశీలించి, ఒకరితో ఒకరిని పోల్చదగిన వాళ్లను జతచేసి, 2020లో ఫలితం ప్రకటించారు. ఉన్నచోటే ప్రయత్నం కొనసాగించినవాళ్లలో 8.5 శాతం మంది బతికి డిశ్చార్జి అయ్యారు. గుండె ఆగి ఉండగానే అంబులెన్స్‌లో తరలించినవాళ్లలో 4 శాతం. ఇది పరిశీలన మాత్రమే, చీటీలు వేసి జరిపిన పరీక్ష కాదు అని ఆక్షేపించవచ్చు. ఒప్పుకుంటాను. కానీ ఆ తరలింపు ఎలాంటిదో గమనించారా? శిక్షణ పొందిన సిబ్బంది, పడుకోబెట్టే స్ట్రెచర్, ఆక్సిజన్, డిఫిబ్రిలేటర్ అన్నీ ఉన్న బండిలో. అలాంటి బండిలో తీసుకెళ్తేనే ఫలితం అలా ఉంటే, మోకాళ్లు మడిచి సీటు మీద కుదేసిన మనిషి గతేమిటి?

కారణం తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఛాతీ నొక్కడం మొదలుపెట్టగానే గుండెకండరానికి రక్తం అందదు. వరసగా కొన్ని నొక్కులు పడ్డాకే రక్తనాళాల్లో ఒత్తిడి మెల్లగా పుంజుకుంటుంది. చెయ్యి తీయగానే అది దబ్బున పడిపోతుంది. మళ్లీ మొదటి నుంచి పెంచుకుంటూ రావాలి. అందుకే ఆపకుండా నొక్కడమే ఇందులో ప్రాణం. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. పరుపు మీద కాదు, సోఫా మీద కాదు. ఛాతీ నడిమధ్య, రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా, ఒంటి బరువుతో అయిదారు సెంటీమీటర్ల లోతు నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి, లేకపోతే గుండెలోకి రక్తం తిరిగి చేరదు. రెండు నిమిషాలు దాటితే ఎంత బలశాలి చేతులైనా తేలిపోతాయి. మనిషి మారాలి. ఈ పని కదులుతున్న కారు వెనక సీట్లో చేసి చూపించగల మొనగాడెవరైనా ఉన్నారా?

గుండె ఆగిందని గుర్తించడంలోనే చాలామంది బోల్తా పడతారు. "ఊపిరి ఆడుతోందండీ, గురకపెడుతున్నాడు" అంటారు. అది ఊపిరి కాదు. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో చాలామందిలో ఎగశ్వాస కనిపిస్తుంది. నోరు తెరిచి, దవడ కదిలించి, ఉండి ఉండి ఒక్కో గాలి గుటక లాగుతారు. చూసేవాళ్లు దాన్నే బతుకు గుర్తు అనుకుని చేతులు కట్టుకుని నిలబడతారు. భుజం తట్టి పిలిస్తే పలకడు, మామూలుగా ఊపిరి తీయడు. ఈ రెండూ ఉంటే చాలు, నొక్కడం మొదలుపెట్టాలి. నాడి వెతుకుతూ కూర్చోవద్దు. మామూలు మనిషికి అది సరిగ్గా దొరకదు, నిమిషం మాత్రం గడిచిపోతుంది. అయితే గుండెనొప్పితో చెమటలు పట్టి స్పృహలో ఉన్నవాడి విషయం వేరు. అతని ఛాతీ నొక్కకూడదు. గ్యాసేమోనని సోడా తాగించి కూర్చోబెట్టకుండా అతన్ని మాత్రం నిజంగానే ఆస్పత్రికి ఉరికించాలి. వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్న సలహా ఒకటుంది: ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండమని. దాన్ని పంపేవాళ్లకు ఒక్కటే ప్రశ్న. గుండె ఆగినవాడికి కొద్ది సెకన్లలో స్పృహ పోతుంది. దగ్గేదెవరు?

చదువుకున్నవాళ్ల పొరపాటు ఇంకో రకం. వాళ్లు ఎ, బి, సి వల్లిస్తారు. ముందు గాలిదారి, తర్వాత ఊపిరి, ఆ తర్వాత రక్తప్రసరణ. ఈ వరస వెనక చరిత్ర ఉంది. 1950ల చివర బాల్టిమోర్‌లో పీటర్ సఫార్ నోటితో ఊపిరి ఊదే పద్ధతిని శాస్త్రబద్ధంగా నిలబెట్టాడు. అదే ఊళ్లో జాన్స్ హాప్కిన్స్‌లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ముగ్గురూ, పక్కటెముకలు కోయకుండానే బయట నుంచి నొక్కి గుండెను ఆడించవచ్చని 1960లో ప్రకటించారు. రెండూ కలిసి సి.పి.ఆర్. పుట్టింది. కానీ యాభై ఏళ్ల అనుభవం ఒక సంగతి నేర్పింది. నోరు తెరిచి, తల వంచి, నోటికి నోరు ఆనించాలా వద్దా అని జంకుతూ ఉండగానే విలువైన మొదటి నిమిషం పోతోంది. పెద్దవాడి గుండె హఠాత్తుగా ఆగితే రక్తంలో ఆక్సిజన్ ఇంకా ఉంటుంది, దాన్ని తిప్పేవాడు లేకపోవడమే లోటు. అందుకే 2008లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ శిక్షణ లేనివాళ్లను చేతులతో నొక్కితే చాలంది. 2010లో వరసనే తిప్పి ఛాతీ నొక్కడాన్ని ముందుకు తెచ్చింది. ఇన్నేళ్లయినా పాత వరసే మన పాఠాల్లో, మన నాలుకల మీద ఆడుతోంది.

అలాగని కొత్త వరసను కూడా కళ్లు మూసుకుని పాడకూడదు. చెరువులోనో కాలువలోనో మునిగిన పిల్లాడి సంగతి పూర్తిగా వేరు. ఆ పిల్లాడి గుండె ఆగింది ఆక్సిజన్ అయిపోయి. ముందు ఊపిరి ఊదాలి, ఆ వెంటనే నొక్కాలి. మనవాళ్లు చేసేదేమిటి? కాళ్లు పట్టుకుని తలకిందులుగా గిరగిరా తిప్పుతారు. కడుపు మీద నొక్కి నీళ్లు కక్కిస్తారు. కడుపులోంచి నీళ్లు బయటికొస్తే చుట్టూ ఉన్నవాళ్లకు తృప్తి. ఆ నీళ్లు, అన్నం మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయని ఎవరూ చూడరు. పిల్లాడికి కావలసింది గాలి. అది ఇవ్వకుండా ప్రతి ఎండాకాలం సెలవుల్లో ఊళ్లు ఈ తతంగం నడుపుతూనే ఉన్నాయి. చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు.

ఇప్పుడు గాయాలకు వద్దాం. ఇక్కడ తప్పు తలకిందులైంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ కూలిపోయిన మనిషి ఛాతీ నొక్కి బతికించిన వీడియో అందరూ చూశారు. అది మెచ్చుకోవలసిన పని, సరైన పని. కానీ ఆ వీడియోతోనే చదువు పూర్తయిందనుకున్నవాళ్లు రోడ్డు ప్రమాదంలో తొడ తెగి రక్తం చిమ్ముతున్నవాడి ఛాతీ మీద కూడా కూర్చుంటున్నారు. పెద్దమనిషి ఒంట్లో ఉండేది అయిదు లీటర్ల రక్తం. తొడలోని ప్రధాన ధమని తెగితే కొద్ది నిమిషాల్లో ప్రాణం పోతుంది. రక్తమే లేని గుండెను నొక్కడం ఎండిన బోరులో మోటారు ఆడించడమే. 2015లో యూరప్ మార్గదర్శకాలు ఈ విషయం తేల్చి చెప్పాయి. గాయం వల్ల గుండె ఆగినప్పుడు దానికి మూలమైన కారణాలను, అంటే రక్తస్రావాన్ని, ఆక్సిజన్ లేమిని, ఛాతీలో గాలి ఒత్తుకోవడాన్ని, గుండె చుట్టూ రక్తం నిండటాన్ని, సరిచేయడమే ఛాతీ నొక్కడం కంటే ముఖ్యమని. గాయంలో మొదటి పని రక్తం కారే చోటు మూయడం. ఊపిరి చూసుకోవడం దాని తర్వాతే.

మరి రక్తం ఎలా ఆపుతున్నాం? పసుపు అద్దుతాం. కాఫీపొడి అద్దుతాం. గుడ్డ పెట్టి అర నిమిషానికోసారి ఎత్తి చూస్తాం, ఆగిందా లేదా అని. ఎత్తిన ప్రతిసారీ అప్పుడే కట్టిన గడ్డ ఊడి వస్తుంది. తడిసిన గుడ్డ మీద ఇంకో గుడ్డ, దాని మీద తువ్వాలు వేసుకుంటూ పోతాం. గుడ్డల కుప్ప పెరుగుతుంది, వేలి ఒత్తిడి మాత్రం తెగిన నాళం దాకా పోదు. చేయవలసింది ఒక్కటే. శుభ్రమైన గుడ్డను గాయం లోతుల్లోకి కూరి, రెండు చేతులతో, బరువంతా వేసి, ఎత్తి చూడకుండా నొక్కి పట్టుకోవడం. చెయ్యి, కాలు అయితే, అలా నొక్కినా ఆగకపోతే, గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద పడకుండా, వెడల్పాటి పట్టీ కట్టి కర్రముక్క దూర్చి రక్తం ఆగేదాకా మెలిపెట్టాలి. సన్నటి తాడు, తీగ పనికిరావు, అవి చర్మాన్ని కోస్తాయి. కట్టిన టైము రాసిపెట్టాలి.

"అయ్యో, అలా బిగిస్తే కాలు తీసేయాల్సి వస్తుంది" అని అడ్డం పడేవాళ్లు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. ఈ భయాన్ని కొన్ని తరాలు డాక్టర్లే నూరిపోశారు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాలు దాన్ని చెరిపేశాయి. రెండు గంటల లోపు తీసేస్తే పట్టీ వల్లనే కాలు పోవడం అరుదు. 2001 నుంచి 2011 దాకా ఆ యుద్ధాల్లో చనిపోయిన అమెరికన్ సైనికుల కేసులన్నీ తిరగేసి 2012లో ఒక అధ్యయనం వెలువరించారు. ఆస్పత్రి చేరకముందే పోయి, సరైన సాయం అందితే బతికే అవకాశం ఉన్నవాళ్లలో దాదాపు తొంభై శాతం మందిని తీసుకుపోయింది రక్తస్రావమే. కాలు పోతుందేమోనని భయపడి మనిషినే పోగొట్టుకోవడం ఏం లెక్క?

ఇక పరుగు సంగతి. గాయపడ్డవాడి విషయంలో పరుగు తప్పు కాదు. కడుపులోనో ఛాతీలోనో లోపల కారే రక్తాన్ని రోడ్డు మీద ఎవరి చెయ్యీ ఆపలేదు, సర్జన్ కత్తే ఆపాలి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో తుపాకీ గుండ్లు తగిలినవాళ్లను పోలీసులే తమ కారులో వేసుకుని ఆస్పత్రికి ఉరుకుతారు. గాయాల తీవ్రతను లెక్కలోకి తీసుకుని చూస్తే, అలా వెళ్లినవాళ్లు అంబులెన్స్‌లో వెళ్లినవాళ్లకంటే ఎక్కువగా ఏమీ చనిపోలేదు. అదే దేశం, అవే ఆస్పత్రులు. గుండె ఆగినవాడికి అక్కడే ఆగి నొక్కమన్నారు, గుండు తగిలినవాడిని ఎత్తుకుపొమ్మన్నారు. తేడా ఎక్కడుందో ఇంకా విడమరిచి చెప్పాలా?

పరుగెత్తినా ఎక్కడికి అన్నది మనకు పట్టదు. దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌లో దింపుతారు. అక్కడ కట్టు కట్టి, సెలైన్ ఎక్కించి, పెద్ద ఆస్పత్రికి రాసిస్తారు. ఆ కట్టు కట్టించుకోవడానికి ఒక గంట. సర్జనూ రక్తనిధీ లేని చోట ఆ గంట దండగ. సెలైన్ సీసాలు పోస్తే మేలు జరుగుతుందన్న నమ్మకం కూడా ఎప్పుడో కుప్పకూలింది. హ్యూస్టన్‌లో కత్తిపోట్లు, తుపాకీ గాయాలు తగిలిన 598 మందిపై జరిపిన పరీక్ష 1994లో వెలువడింది. వెంటనే సెలైన్ పోసినవాళ్లలో 62 శాతం మంది, ఆపరేషన్ దాకా ఆపినవాళ్లలో 70 శాతం మంది బతికారు. నీళ్లు పోస్తే ఒత్తిడి పెరిగి కట్టిన గడ్డ ఊడుతుంది, మిగిలిన రక్తం పలచబడుతుంది, ఒళ్లు చల్లబడి గడ్డ కట్టే శక్తి తగ్గుతుంది. నిజంగా పనికొచ్చే మందు ఒకటుంది, ట్రానెక్సామిక్ యాసిడ్. జపాన్‌లో ఉతాకో ఒకమొతో, ఆమె భర్త షొసుకె 1960ల మొదట్లో వెలికితీసిన చవక మందు అది. భారత్‌తో సహా 40 దేశాల్లో ఇరవై వేలకు పైగా గాయపడ్డవాళ్లపై పరీక్షించి 2010లో ఫలితం ప్రకటించారు. మరణాలు 16 నుంచి 14.5 శాతానికి తగ్గాయి. అయితే మూడు గంటల లోపు ఇవ్వాలి, దాటితే కీడే చేస్తుంది. రెఫర్ చీటీ పట్టుకుని ఊరూరూ తిరిగేసరికి ఆ మూడు గంటలు కరిగిపోతే తప్పెవరిది?

"పోలీసు కేసు అవుతుంది" అనే సాకు ఇంకా ఎందుకు చెల్లుతోంది? కేసులతో నిమిత్తం లేకుండా ముందు చికిత్స చేసి తీరాలని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే డాక్టర్లకు చెప్పింది. సాయపడ్డవాళ్లను వేధించవద్దన్న మార్గదర్శకాలు 2015లో వచ్చాయి, 2016 మార్చి 30న సుప్రీంకోర్టు వాటికి కట్టుబడి తీరాలంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. రోడ్డు ప్రమాద బాధితుడికి మంచి మనసుతో సాయం చేసినవాడిపై సివిల్, క్రిమినల్ బాధ్యత మోపకూడదని అది చెబుతోంది. "నొక్కితే పక్కటెముకలు విరుగుతాయి" అన్నది ఇంకో సాకు. విరగవచ్చు. విరిగిన ఎముక అతుక్కుంటుంది.

నిజంగా బరువైన ఆక్షేపణ ఒక్కటే. మారుమూల ఊళ్లో 108 వచ్చేసరికి అరగంట పడితే అప్పటిదాకా ఏం చేయాలి? 2005లో హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవ కోట్లమందిని చేర్చింది, కానీ నాలుగో నిమిషానికి గడపలో ఉండటం దేశంలో ఏ బండికీ సాధ్యం కాదు. కాబట్టి ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేసి నేల మీద పెట్టి, నొక్కుతూనే మాట్లాడాలి. ఊళ్లో వాళ్లు ఇద్దరిద్దరుగా మారుతూ నొక్కాలి. బండి వచ్చే ఆశే లేక తరలించక తప్పనప్పుడు, ట్రాలీ ఆటోలో వెల్లకిలా పడుకోబెట్టి, దారి పొడుగునా నొక్కుతూ వెళ్లాలి. కారు వెనక సీటు దానికి పనికిరాదు.

కేంద్ర ప్రభుత్వం 2021లో, ప్రమాద బాధితుణ్ణి గోల్డెన్ అవర్‌లో ఆస్పత్రికి చేర్చినవారికి అయిదు వేల రూపాయల బహుమతి ప్రకటించింది. చేర్చినందుకే బహుమతి. రోడ్డు మీద రక్తం ఆపినందుకు లేదు. చేర్చడమొక్కటే చాలన్న తప్పుడు నమ్మకం ప్రభుత్వ ఉత్తర్వులోకి కూడా ఎలా ఎక్కిందో చూడండి. 2022 ఒక్క ఏడాదే దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. డ్రైవింగ్ లైసెన్స్ కోసం వచ్చే ప్రతి ఒక్కరి చేత వంకర దారిలో బండి నడిపించి చూస్తున్నాం. అక్కడే ఒక పావుగంట రబ్బరు బొమ్మ ఛాతీ నొక్కించి, ఒక గుడ్డ ఇచ్చి గాయం మూయించి, ఏ మనిషి దగ్గర ఆగాలో, ఏ మనిషిని ఎత్తుకుని ఉరకాలో అడిగి, జవాబు తప్పితే లైసెన్స్ నిరాకరించడానికి మన రవాణా శాఖకు అడ్డమేమిటి?